కేర్‌టేకర్ రాని రోజు ఏజెన్సీ ఏం చేస్తుంది?

తుంటి ఎముక ఆపరేషన్ అయిన పెద్దావిడకు "రేపు డిశ్చార్జి" అంటారు. కొడుకు బెంగళూరులో ఉద్యోగం. కూతురు హైదరాబాద్ నుంచి పెట్టుకొచ్చిన సెలవు అయిపోవస్తోంది. శ్రీకాకుళంలో ఇంట్లో ఉండేది పెద్దాయన ఒక్కరే, ఆయనకీ డెబ్బై ఎనిమిది. వార్డులో ఎవరో ఒక ఫోన్ నంబరు ఇస్తారు, ఆ రాత్రికే బేరం కుదిరిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటి సంరక్షణ ఏజెన్సీని ఎంచుకోవడం చాలా కుటుంబాల్లో ఇలాగే జరుగుతుంది. ఆసుపత్రి వరండాలో నిలబడి అడిగే ప్రశ్నలు రెండే. నెలకెంత? ఎప్పుడు పంపుతారు?

రెండూ అడగాల్సినవే. కాని ఆ జవాబులతో మంచి ఏజెన్సీ ఏదో, కానిది ఏదో తేలదు. వచ్చే మనిషి ఎంత మంచిదైనా ఆమెకూ జ్వరం వస్తుంది, ఊళ్లో చావో పెళ్లో తగులుతుంది, పండగ వస్తుంది. ఆమె రాని ఉదయం ఎనిమిదింటికి ఫోన్ ఎవరెత్తుతారు, ఎవర్ని పంపుతారు, ఆ వచ్చినవాళ్లకు పేషెంట్ సంగతి ముందే తెలుసా? ఏజెన్సీకి ఇచ్చే అదనపు డబ్బు దీనికే. ఇది లేనప్పుడు వీధిలో తెలిసిన ఆయాను నేరుగా పెట్టుకుంటే చవక, చాలాసార్లు మేలు కూడా.

జీతం ఎవరిస్తారు?

"హోమ్ కేర్" బోర్డు కింద నడిచే వ్యాపారం ఒకటి కాదు. కొందరు ఒక ఫోను, ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని మనిషిని కుదిర్చి కమీషన్ తీసుకుంటారు. వాళ్లను బ్రోకర్లు అంటే సరిపోతుంది. కొందరు మనుషుల్ని తమ దగ్గర ఉద్యోగంలో పెట్టుకుని, జీతమిచ్చి పంపుతారు. పెద్ద ఊళ్ల నుంచి ఫోన్‌లో ఆర్డరు తీసుకుని, పనిని ఇక్కడి బ్రోకర్‌కే అప్పగించేవాళ్లూ ఉన్నారు. ఈ మూడో రకం దగ్గర బోర్డు పెద్దదిగా ఉంటుంది, వచ్చే మనిషి మాత్రం మొదటి రకం దగ్గర దొరికే మనిషే.

తేడా తెలియాలంటే "ఈమె జీతం ఎవరిస్తారు, ఎలా ఇస్తారు" అని అడగాలి. 10 మంది లేక అంతకు మించి పనిచేసే సంస్థకు ఈఎస్‌ఐ, 20 మంది లేక అంతకు మించి ఉంటే పీఎఫ్ వర్తిస్తాయి. "మా దగ్గర అరవై మంది స్టాఫ్ ఉన్నారు" అని చెప్పే ఏజెన్సీ, వచ్చే మనిషి ఈఎస్‌ఐ కార్డు గాని పీఎఫ్ నంబరు గాని చూపించలేకపోతే ఆ అరవై మందీ ఫోన్ కాంటాక్టుల్లో ఉన్న పేర్లని అనుకోవచ్చు.

జీతం సంగతి ఏజెన్సీ లోపలి వ్యవహారమని వదిలేస్తే దాని ఫలితం మన ఇంట్లోనే కనపడుతుంది. లెక్క కోసం ఇలా అనుకుందాం. ఇంటివాళ్లు నెలకు 24 వేలు కడుతున్నారు, ఆమె చేతికి 13 వేలు వస్తున్నాయి. పక్కవీధివాళ్లు 16 వేలిస్తామనగానే ఆమె వెళ్లిపోతుంది. "ఈ కేర్‌టేకర్లు నిలవరండీ" అని అందరూ అనే మాటలో సగం ఈ తేడాయే. ఎంత చేతికందుతుందో ఏజెన్సీని అడగాలి, తర్వాత ఆమెనూ అడగాలి. రెండు అంకెలూ కలవకపోతే ఆ మనిషి రెండో నెల ఉంటుందని ఆశ పెట్టుకోనక్కర్లేదు.

గోడకు తగిలించిన సర్టిఫికెట్ల గురించి ఒక మాట. ఆసుపత్రికో ల్యాబ్‌కో ఉన్నట్టు ఇంటికి కేర్‌టేకర్‌ని పంపే వ్యాపారానికి ప్రత్యేక లైసెన్సు ఏదీ లేదు. ఫ్రేము కట్టి పెట్టినవి సాధారణంగా జీఎస్టీ, షాపుల చట్టం కింద లేబర్ రిజిస్ట్రేషన్, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు. ఆ చిరునామాలో ఒక వ్యాపారం ఉందని మాత్రమే అవి చెబుతాయి. లోపల ఎవరికైనా పేషెంట్‌ను పక్కకు తిప్పడం వచ్చా అన్నది వాటిలో ఉండదు.

నర్సా, కేర్‌టేకరా?

మన వైపు తెల్లకోటు వేసుకున్న ప్రతి అమ్మాయినీ నర్సమ్మ అనేస్తారు. ఏజెన్సీలు ఆ అలవాటును బాగానే వాడుకుంటాయి. ఏఎన్‌ఎం రెండేళ్ల కోర్సు, జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. వీళ్లకు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నర్సు రేటు అడిగితే ఆ నంబరూ, ఆధార్ మీద పేరూ పక్కపక్కన పెట్టి చూడాలి. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అనేది కొన్ని నెలల శిక్షణ. అది మంచిదే, కాని నర్సింగ్ కాదు. ఇవేవీ లేకుండా ఆసుపత్రి వార్డులో పదేళ్లు ఆయాగా చేసి, కొత్త నర్సుల కంటే ఒడుపుగా పనిచేసే ఆడవాళ్లు ఈ జిల్లాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లను కేర్‌టేకర్లుగా తీసుకోవడంలో తప్పేం లేదు. నర్సుల పేరుతో పంపితేనే మోసం.

స్నానం, తిండి, డైపరు, పక్క తిప్పడం, నడిపించడం, డబ్బాలో విడివిడిగా సర్దిపెట్టిన మాత్రలు వేళకు ఇవ్వడం, బీపీ, సుగర్ చూసి రాయడం, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయడం కేర్‌టేకర్ పనులు. ముక్కు గొట్టం వేయడం, యూరిన్ పైపు మార్చడం, సెలైన్ ఎక్కించడం, లోతైన పుండుకు కట్టు కట్టడం నర్సు పని. ముక్కు గొట్టం ద్వారా తిండి ఇవ్వడం మాత్రం నేర్పితే కేర్‌టేకర్ చేయగలదు. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తాలి. గొట్టం మీద వేసిన గుర్తు ముక్కు దగ్గరే ఉందో లేదో చూడాలి. ఒక్కో విడతకు 200–250 మి.లీ. మించకుండా నెమ్మదిగా పోసి, చివర 30 మి.లీ. నీళ్లతో గొట్టం కడగాలి, తర్వాత కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. చోడి జావ వడకట్టకుండా పోస్తే గొట్టం మూసుకుపోతుంది. గొట్టం ఊడి వస్తే మళ్లీ తనే తోసేసే కేర్‌టేకర్ ప్రమాదకరం. అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఇందువల్ల చాలా ఇళ్లకు రోజంతా నర్సు అక్కర్లేదు. రోజూ కేర్‌టేకర్, డాక్టరు చెప్పిన గడువుకు పైపు మార్చడానికి నర్సు విజిట్ ఉంటే చాలు. ఈ కలయికను ఏజెన్సీయే ముందుగా సూచిస్తే దాని లెక్కలో పేషెంట్ ఉన్నాడన్నమాట. వినగానే "ఫుల్‌టైమ్ నర్సే కావాలి" అంటే బిల్లు ఉందన్నమాట.

బరువెంత అని అడగని ఏజెన్సీ

మొదటి ఫోన్‌లోనే చాలా తెలుస్తుంది. పేషెంట్ బరువెంత, లేచి కూర్చోగలరా, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, మతి నిలకడగా ఉందా, బాత్రూం ఇంట్లోనా పెరట్లోనా, ఇంట్లో ఇంకెవరుంటారు అని అడగాలి వాళ్లు. బరువు అడక్కుండా రేటు చెప్పిన ఏజెన్సీ పేషెంట్‌ను చూడకుండా మాత్ర రాసిచ్చిన డాక్టరు లాంటిది. ఎనభై కిలోల మనిషిని నలభై ఐదు కిలోల అమ్మాయి ఒక్కతే మంచం మీద నుంచి కమోడ్ కుర్చీలోకి మార్చలేదు. మార్చబోతే ఇద్దరూ పడతారు. రెండో మనిషి సాయం ఉండాలి. ఇంట్లో ఎవరుంటారని అడగడం కూడా మంచి గుర్తే. తమ అమ్మాయి భద్రత చూసుకునే ఏజెన్సీ మన ఇంటి గురించి వాకబు చేస్తుంది.

తర్వాత ఒకసారి ఇల్లు చూడటానికి రావాలి, ఆ వచ్చేది మార్కెటింగ్ కుర్రాడు కాకుండా నర్సు అయితే మేలు. మంచం ఎత్తు మోకాలి ఎత్తుకు సరిపోతుందా, బాత్రూంలో పట్టుకోవడానికి కమ్మీ ఉందా, గడప ఎంత ఎత్తుంది, పెరటి దొడ్డికి రాత్రిపూట లైటుందా, మందుల చీటీలో ఒకే మందు రెండు పేర్లతో ఉందా అన్నవి చూసి ఒక పేజీ రాసి ఇవ్వాలి. దీనికి డబ్బు తీసుకున్నా ఫరవాలేదు. ఆ కాగితం లేకుండా మొదలైన పనిలో నెల తిరిగేసరికి "ఇది నా పని కాదు", "మీరు చెప్పలేదు" మొదలవుతాయి.

24 గంటల లెక్క

ఏజెన్సీలు బాగా అమ్మేది, ఇళ్లవాళ్లు బాగా మోసపోయేది "24 గంటల కేర్‌టేకర్" దగ్గర. ఇంట్లోనే ఉండి, తిని, పడుకునే ఒక మనిషి. రాత్రి ఒకసారి లేచి నీళ్లిచ్చే పని అయితే ఇది నడుస్తుంది. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్క తిప్పాలంటే రాత్రి పది నుంచి ఆరు లోపు నాలుగుసార్లు లేవాలి. పగలంతా పనిచేసిన మనిషి అలా మూడు రాత్రులు లేస్తుంది. నాలుగో రాత్రి లేవదు. తప్పు ఆమెది కాదు.

వారానికి 168 గంటలు. 12 గంటల షిఫ్టులైతే వారానికి 14. ఇద్దరు మనుషులు చెరి ఏడు చేస్తే ఒక్క రోజు కూడా సెలవు లేనట్టు. వారానికో సెలవు ఇవ్వాలంటే ఇద్దరూ కలిసి చేసేవి 12 షిఫ్టులు, మిగిలిన రెండింటికి మూడో మనిషి కావాలి. "ఇద్దర్ని పెడతాం, అంతా చూసుకుంటారు" అనే ఏజెన్సీని ఆ రెండు షిఫ్టులు ఎవరు చేస్తారో పేరుతో సహా చెప్పమనాలి.

షిఫ్టు మారే వేళ కూడా ఇక్కడ చిన్న విషయం కాదు. నగరాల అలవాటుతో ఎనిమిది నుంచి ఎనిమిది అని పెడతారు. నరసన్నపేట పక్క పల్లె నుంచో గజపతినగరం దాటిన ఊరి నుంచో వచ్చే మనిషికి రాత్రి ఎనిమిది తర్వాత బస్సు ఉండకపోవచ్చు. అందుకని ఏడున్నరకే వెళ్లిపోవడం మొదలవుతుంది, రాత్రి మనిషి ఎనిమిదిన్నరకు వస్తుంది, మధ్యలో గంట ఎవరూ ఉండరు. పెద్దవాళ్లు పడిపోయేది అలాంటి గంటలోనే. బస్సు వేళను బట్టి షిఫ్టు పెట్టుకుని, ఇద్దరూ ఒక పావుగంట కలిసి ఉండేలా చూస్తే ఈ ఖాళీ పూడుతుంది.

బదులు మనిషి ఎక్కడి నుంచి వస్తుందో కూడా అడగాలి. విశాఖలో ఆఫీసు ఉన్న ఏజెన్సీకి విజయనగరం గంటన్నర ప్రయాణం, ఇచ్ఛాపురం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. "నాలుగు గంటల్లో రీప్లేస్‌మెంట్" అని కాగితం మీద రాసినా కవిటికో కంచిలికో అది జరగదు. టెక్కలి, పలాస, సోంపేట ప్రాంతంలో వాళ్లకు మనుషులు ఎందరున్నారో అడిగి, ఆ అంకెనే నమ్మాలి.

ఇక సంక్రాంతి. భోగి నుంచి ముక్కనుమ దాకా ఉత్తరాంధ్రలో ఎవరూ పనిలో నిలవరు, నిలవమనడమూ న్యాయం కాదు. విజయనగరంలో అయితే పైడితల్లమ్మ సిరిమానోత్సవం, పల్లెల్లో ఎండాకాలపు అమ్మవారి పండగలు, వరి ఉడుపులు, కోతలు. ఇవన్నీ ముందే తెలిసిన తేదీలు. "జనవరి 13 నుంచి 16 వరకు ఎవరు ఉంటారు" అని జూలైలో అడిగినా జవాబు చెప్పగలిగే ఏజెన్సీ నిజంగా రోస్టరు రాసుకుంటుంది. "అప్పుడు చూద్దాం లెండి" అంటే ఆ నాలుగు రోజులూ కూతురో కోడలో సెలవు పెట్టుకోవాల్సిందే.

చేతిపని చూడటం

సర్టిఫికెట్ల కంటే పావుగంట పని చూడటం మేలు. మంచాన ఉన్న మనిషిని ఎడమ పక్కకు తిప్పమని చెప్పి, పక్కన నిలబడి చూడాలి. చేతకానివాళ్లు చంకలో చెయ్యి వేసి గుంజుతారు. పని తెలిసిన మనిషి ముందు యూరిన్ పైపు ఎటుందో చూసి సర్దుతుంది. కుడి మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం మీద, ఇంకొకటి తుంటి మీద వేసి తన వైపు దొర్లిస్తుంది. వీపు వెనక దిండు పెట్టి పూర్తిగా పక్కకు కాకుండా 30 డిగ్రీల వాలులో ఆపుతుంది. మోకాళ్ల మధ్య ఒక దిండు, పిక్కల కింద ఇంకొకటి పెట్టి మడమలు పరుపుకు తగలకుండా గాలిలో ఉంచుతుంది. చివరగా చెవి మడతపడిందేమో వేలితో సవరిస్తుంది. ఆ చెవి సవరించే చెయ్యి చూస్తే చాలు, ఇంటర్వ్యూ అయిపోయినట్టే.

పక్షవాతం వచ్చిన మనిషిని పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపితే భుజం కీలు జారుతుంది. నెలల తరబడి నొప్పి. లేపేటప్పుడు నడుముకు బెల్టు గాని, మడిచిన తువ్వాలు గాని వేసి పట్టుకోవాలి.

నడుము కింద, తుంటి, మడమల దగ్గర చర్మం రోజూ చూడాలి. ఎర్రబడ్డ చోట వేలితో రెండు మూడు సెకన్లు నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకుండా అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియదు కాబట్టి ఆ చోటు చుట్టుపక్కల కంటే వెచ్చగా, గట్టిగా ఉందా అని వేళ్లతో చూడాలి. అక్కడ కొబ్బరినూనె వేసి మర్దనా చేయడం మన ఇళ్లలో ప్రేమతో చేసే తప్పు. నలిగిన కణజాలం ఇంకా నలుగుతుంది. ఎయిర్ బెడ్ ఉంది కదా అని తిప్పడం మానేసే కేర్‌టేకర్‌ను వెంటనే సరిదిద్దాలి. ఎయిర్ బెడ్ సాయం చేస్తుంది, తిప్పడం మాత్రం ఆపకూడదు.

ఇన్సులిన్ ఇచ్చే ఇంట్లో ఇంకో పరీక్ష ఉంది. సీసాల్లో వచ్చే ఇన్సులిన్ మన దగ్గర ఎక్కువగా యూ-40, అంటే మి.లీ.కి 40 యూనిట్లు. పెన్నుల్లో ఉండేది యూ-100. సిరంజిలూ రెండు రకాలు, యూ-40కి ఎర్ర మూత, యూ-100కి నారింజ మూత. యూ-100 మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత వరకు లాగితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. పడిపోవడానికి అది చాలు. యూ-40 మందును నారింజ మూత సిరంజిలో 20 వరకు లాగితే వెళ్లేది 8 మాత్రమే, సుగర్ దిగదు, డాక్టరు డోసు పెంచుతాడు. ఈ రెండు మూతల తేడా చెప్పలేని మనిషికి ఇంజెక్షన్ అప్పగించకూడదు. సుగర్ 70 కంటే తగ్గితే, స్పృహ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి పావుగంటకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఇది ఆమె నోటితో చెప్పించుకోవాలి.

ఉద్దానం ఇళ్లలో

ఉద్దానం అంటే కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. అక్కడి కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఏజెన్సీని అడగాల్సిన మొదటి మాట వేరు. "డయాలిసిస్ పేషెంట్‌ని చూసిన అనుభవం ఉందా?" ఉంటే ఫిస్టులా (డయాలిసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ కట్టకూడదని, సూది గుచ్చకూడదని, ఆ చెయ్యి కిందపడేలా పడుకోబెట్టకూడదని, రోజూ అక్కడ వేలు పెట్టి జలజలమనే అదురు ఉందో లేదో చూడాలని ఆమెకు తెలిసి ఉంటుంది. అదురు ఆగితే ఆ రోజే ఆసుపత్రికి చెప్పాలి.

చుట్టూ కొబ్బరితోటలున్న ఊళ్లలో నీరసంగా ఉన్న పెద్దాయనకు బొండం కొట్టి ఇవ్వడం కంటే సహజమైన పని ఇంకోటి లేదు. డయాలిసిస్ మీద ఉన్న మనిషికి అది ప్రమాదం. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, గుండె లయ తప్పుతుంది. తక్కువ సోడియం అని అమ్మే ఉప్పుతోనూ ఇదే చిక్కు, అందులో సోడియం బదులు వేసేది పొటాషియమే. రోజుకు తాగే నీళ్లకు కొలత ఉంటుంది. డాక్టర్లు సాధారణంగా ముందురోజు మూత్రం కొలతకు 500 మి.లీ. కలిపి చెబుతారు, అంబలి, చారు, మజ్జిగ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఉదయాన్నే బరువు చూసి రాయని కేర్‌టేకర్‌కు ఈ లెక్క తెలియనట్టే.

తుపాను కూడా ఇక్కడి ప్రశ్నే. 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటాక ఈ మండలాల్లో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు పోతే ఎయిర్ బెడ్ గాలి దిగి మనిషి గట్టి చెక్క మీద పడుకున్నట్టవుతుంది, అందుకే దాని కింద మామూలు పరుపు ఉంచాలి. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఆగిపోతుంది. బి-టైపు సిలిండరులో సుమారు 1,500 లీటర్లు పడుతుంది, నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పన్నెండు గంటలు వస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఏజెన్సీ దగ్గర ఎన్ని సిలిండర్లు ఉంటాయి, రోడ్డు మూసుకుపోతే ఉన్న మనిషినే ఇంట్లో ఉంచుతారా, దానికి ఆమెకు ఎంతిస్తారు? ఇలాంటివి అడిగేవాళ్లు తక్కువ కాబట్టి జవాబులు సిద్ధంగా ఉండవు, అడిగితే తయారవుతాయి.

కాగితం మీద

ఒప్పందంలో రిజిస్ట్రేషన్ ఫీజు తిరిగొస్తుందా, అడ్వాన్సు ఎన్ని రోజులది, మనిషి రాని రోజు డబ్బు తగ్గిస్తారా, మధ్యలో పేషెంట్ ఆసుపత్రిలో చేరితే ఏమవుతుంది, చనిపోతే మిగిలిన రోజుల డబ్బు ఇస్తారా అన్నవి స్పష్టంగా ఉండాలి. చివరిది అడగడానికి ఎవరికీ నోరు రాదు. గొడవలు ఎక్కువ వచ్చేదీ అక్కడే. ఆమెను నేరుగా పనిలో పెట్టుకుంటే ఇంత జరిమానా అనే షరతు దాదాపు ప్రతి కాగితంలో ఉంటుంది. ఎన్ని నెలల వరకు అన్నది చూసుకోవాలి, గడువు లేని షరతు మీద సంతకం పెట్టకూడదు.

"వివాదాలన్నీ హైదరాబాద్ కోర్టుల పరిధిలో" అని కింద చిన్న అక్షరాల్లో ఉన్నా భయపడనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తను ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, రెండేళ్లలోపు వేయాలి. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపయితే ఫీజు లేదు. ముందుగా 1915కి ఫోన్ చేసి చూడొచ్చు. వీటన్నిటికీ బిల్లు కావాలి. ఎవరో వ్యక్తి ఫోన్‌పేకి డబ్బు పంపి, రసీదు లేకుండా నెలలు గడిపినవాళ్లకు ఈ దారి కష్టమవుతుంది.

ఖర్చు తిరిగి వస్తుందన్న ఆశ పెట్టుకోకూడదు. డెబ్బై దాటినవాళ్లకు ఆయుష్మాన్ భారత్‌లో ఇచ్చే ఐదు లక్షలు ఆసుపత్రిలో చేరితేనే, ఇంటి కేర్‌టేకర్ జీతానికి కాదు. ప్రైవేటు పాలసీల్లో ఉండే ఇంటి చికిత్స క్లాజు కూడా సహాయకురాలి ఖర్చును సాధారణంగా ఇవ్వదు. పక్షవాతం వంటి వాటితో పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 15 వేల పింఛను, డయాలిసిస్ వాళ్లకు ఇచ్చే 10 వేలు మాత్రం ఈ లెక్కలో కలుపుకోవచ్చు. ఆ పింఛను సచివాలయం ఉద్యోగి ఇంటికే తెచ్చి ఇస్తారు కాబట్టి ఆ పూట ఇంటివాళ్లో, నమ్మకమైన పక్కింటివాళ్లో ఉండటం మంచిది. వేలిముద్ర పెద్దవాళ్లది, డబ్బు అందుకునే చెయ్యి కేర్‌టేకర్‌ది అయితే ఆమెకూ మాట వస్తుంది. ఏటీఎం పిన్ను ఆమెకు చెప్పకపోవడం, బంగారం లాకరులో పెట్టడం ఆమె గౌరవం కోసం కూడా.

గౌరవం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఫోన్‌లో కులం అడిగే కుటుంబాలు ఇంకా చాలా ఉన్నాయి, గ్లాసు వేరుగా పెట్టేవీ ఉన్నాయి. వంట తెలియాలంటే "ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండగలరా" అని అడిగితే సరిపోతుంది. గ్లాసు వేరు పెట్టిన ఇంట్లో అర్ధరాత్రి మలం ఎత్తే చేతుల నుంచి ఓర్పు ఆశించడం ఎంత న్యాయమో ఆ కుటుంబాలే చెప్పాలి. ఎక్కువమంది మానేసేది డబ్బు తర్వాత దీనికే.

నోటుబుక్కు

పని మొదలయ్యాక దూరాన ఉన్న పిల్లలకు మిగిలే సాక్ష్యం నోటుబుక్కే. వేళ, తిన్నది, తాగింది, మూత్రం, విరేచనం, మందు, బీపీ, సుగర్, ఏ పక్కకు తిప్పారు అన్నవి గీతలు గీసి రాయించాలి. రోజూ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమనాలి, నెలాఖరున చూస్తే పనికిరాదు. రాత్రి 12, 2, 4 గంటల గళ్లలో ఒకే పెన్ను, ఒకే ఒత్తు, ఒకే వాలు అక్షరాలుంటే అది పొద్దున్నే కూర్చుని రాసింది. బీపీ నాలుగు రోజులు వరసగా 120/80 ఉంటే మిషను బయటికి తీయలేదన్నమాట, నిజం బీపీ అంత కుదురుగా ఉండదు.

డైపర్లు లెక్కపెట్టాలి. మామూలుగా రోజుకు నాలుగో ఐదో అయ్యే ఇంట్లో ఉన్నట్టుండి రెండే అయితే సంతోషించకూడదు. మార్చే పని తప్పించుకోవడానికి నీళ్లు తగ్గించారేమో చూడాలి. నాలుక ఎండిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం, కొత్తగా మతి తప్పినట్టు మాట్లాడటం దాని గుర్తులు. పగలంతా నిద్రలోనే ఉంటే నిద్రమాత్రల షీటు లెక్క చూడాలి. పై చేతుల మీద వేళ్ల అచ్చులాంటి కమిలిన మచ్చలు కనపడితే ఏజెన్సీ వివరణ కోసం ఆగక్కర్లేదు. 112 ఉంది, పెద్దల హెల్ప్‌లైన్ 14567 ఉంది. హాల్లో కెమెరా పెట్టుకోవచ్చు, పెట్టినట్టు ఆమెకు చెప్పాలి. స్నానం, బట్టలు మార్చే చోట పెట్టకూడదు.

ఏజెన్సీ సూపర్‌వైజరు నెలకు రెండుసార్లయినా చెప్పకుండా వచ్చి ఈ నోటుబుక్కు తిరగేసి సంతకం పెట్టాలి. సంతకాలు లేకపోతే వాళ్లు పంపింది మనిషిని మాత్రమే, మిగతా డబ్బు దేనికో అడగొచ్చు.

మొదటి నెలలోనే, అంతా బాగున్నప్పుడే, కావాలని ఒక మంగళవారమో బుధవారమో ఆమెకు సెలవిప్పించి బదులు మనిషిని పంపమనాలి. సమయానికి వచ్చి, ముందు నోటుబుక్కు అడిగి, "ఏ చెయ్యి పడిపోయిందండీ, రాత్రి చివర ఏ పక్కకు తిప్పారు" అని అడిగి పనిలోకి దిగితే సంక్రాంతికి భయం లేదు. పదకొండింటికి వచ్చి, చెప్పులు విప్పుతూ "పేషెంట్‌కి ఏటయింది?" అంటే, ఒప్పందంలో నోటీసు ఎన్ని రోజులని రాసుందో ఆ సాయంత్రమే తీసి చూసుకోవాలి.